మనసు డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? మన ఆలస్యానికి ఒక చరిత్ర ఉంది

మనసు బాగోలేనప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఈ ఎపిసోడ్‌లో ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. ఇది డాక్టర్లు చెప్పాల్సిన విషయం కదా, చరిత్రకేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. ఎందుకంటే ఈ ప్రశ్నకి మనలో చాలామంది మనసులో ఉన్న జవాబు ఏ డాక్టరూ చెప్పింది కాదు. అది పాత చట్టాల నుంచీ, పాత ఆసుపత్రుల గోడల నుంచీ మనకి వచ్చింది.

ముందు మన వాడుక మాట ఒకటి గమనించండి. హైదరాబాద్ వైపు ఎవరైనా కొంచెం తేడాగా ప్రవర్తిస్తే "వీణ్ణి ఎర్రగడ్డలో వెయ్యాలి" అంటారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వైపు "వైజాగ్ పంపించాలి" అంటారు. వెక్కిరింపుకే అంటారు, నిజమే. కానీ ఆ క్రియలు చూడండి. వెయ్యాలి. పంపించాలి. జ్వరం వస్తే మనం ఆసుపత్రికి వెళ్తాం. పన్ను నొప్పెడితే వెళ్తాం. మనసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం వెళ్లం, మనల్ని ఎవరో వేస్తారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, మనం ఎందుకు ఆలస్యం చేస్తామో కూడా తెలుస్తుంది.

చాలా పాత కాలం నుంచి మొదలుపెడదాం. ఆయుర్వేదంలో చరక సంహిత ఉంది కదా, అందులో ఉన్మాదం మీద ప్రత్యేకంగా అధ్యాయాలు ఉన్నాయి. ఐదు రకాల ఉన్మాదాలు చెప్తుంది. వాతం వల్ల, పిత్తం వల్ల, కఫం వల్ల, మూడూ కలిసి, ఐదోది బయటి శక్తుల వల్ల. ఆ కారణాలను ఇప్పటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు, దాని జోలికి నేను వెళ్లడం లేదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. రోగం పూర్తిగా బయటపడక ముందే కనిపించే గుర్తులను ఆ గ్రంథం "పూర్వరూపాలు" అంటుంది. ఉన్మాదానికి కూడా పూర్వరూపాలు రాసింది. తల ఖాళీగా అనిపించడం, చెవుల్లో మోత, అన్నం మీద కోరిక పోవడం, గుండె పట్టేసినట్టు ఉండడం, కారణం తెలియని కలత, ఇలాంటివి.

అంటే ఏంటి? మనిషి బట్టలు చింపుకుని వీధిలో పరిగెత్తేదాకా ఆగక్కర్లేదు, అంతకు ముందే మనసు కొన్ని సంకేతాలు ఇస్తుంది అన్న ఆలోచన ఈ నేల మీద ఎప్పటినుంచో ఉంది. అయితే అదే సమయంలో జనంలో ఇంకో దారీ ఉంది. గాలి సోకింది, దెయ్యం పట్టింది, ఎవరో చేతబడి చేశారు అనే దారి. తాయత్తు, భూతవైద్యుడు, గుడి, దర్గా. పల్లెల్లో మనిషి తిండి మానేసి ఒంటరిగా కూర్చుంటే ఎక్కువగా ముందు వెళ్లింది ఈ దారికే.

ఇక ఈస్టిండియా కంపెనీ కాలానికి వద్దాం. 1794లో మద్రాసులో వాలెంటైన్ కోనలీ అనే కంపెనీ సర్జన్ మతి స్థిమితం లేనివాళ్ల కోసం ఒక ఇల్లు పెట్టాడు. అప్పట్లో ఇలాంటి చోట్లు ప్రధానంగా తెల్లవాళ్ల కోసం, సైనికుల కోసం పుట్టాయి. తర్వాత 1858 వచ్చింది. సిపాయిల తిరుగుబాటు అణిచేసి, కంపెనీ నుంచి పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్లిన సంవత్సరం. అదే ఏడాది మతి స్థిమితం లేనివాళ్ల మీద వరసగా చట్టాలు చేశారు. వాటిలో ఒకటి లూనటిక్ అసైలమ్స్ చట్టం. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు చోట్ల ప్రభుత్వ అసైలమ్‌లు నడిచాయి. మద్రాసులో కీల్పాక్, మలబారు తీరంలో కాలికట్, మన వైపు విశాఖపట్నం. కీల్పాక్‌ది 1871లో 145 మందితో మొదలైంది. విశాఖ చిన వాల్తేరులో ఇప్పుడున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకి మూలం కూడా ఆ కాలంలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ చట్టాల ప్రకారం ఒక మనిషి లోపలికి ఎలా వెళ్లేవాడు? దీనికి 1912లో వచ్చిన ఇండియన్ లూనసీ చట్టం చూస్తే చాలు, ఎందుకంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు అదే నడిచింది. అందులో పోలీసు స్టేషన్ అధికారికి ఒక అధికారం ఇచ్చారు. తన పరిధిలో దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతున్న మనిషి మతి స్థిమితం లేనివాడు అనిపిస్తే అరెస్టు చేయవచ్చు. ప్రమాదకరం అనిపిస్తే అరెస్టు చేసి తీరాలి. అరెస్టు అనే మాటే వాడారు. తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆయన ఆర్డరు ఇస్తే లోపలికి. ఇంట్లోవాళ్లే చేర్పించాలనుకుంటే మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టాలి, దానికి ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జత చేయాలి.

మరి ఎవరైనా తనంతట తానే "నాకు బాగోలేదు, చేర్చుకోండి" అని వస్తే? దానికీ ఒక చిన్న దారి పెట్టారు. కానీ ఆసుపత్రిని తనిఖీ చేసే విజిటర్లు ఇద్దరు ఒప్పుకోవాలి. అలా చేరినవాణ్ణి ఆ చట్టం రోగి అని కూడా అనలేదు, బోర్డర్ అంది. అంటే లాడ్జిలో గది తీసుకున్నవాడితో సమానం అన్నమాట.

ఆ చట్టం అడిగిన ప్రశ్న ఏంటో గమనించండి. "ఈ మనిషి ఎంత బాధపడుతున్నాడు?" అని కాదు. "ఈ మనిషి వల్ల బయటివాళ్లకి ఎంత ఇబ్బంది?" అని. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు వచ్చే సమయాలు వేరు. బాధ మొదట్లోనే ఉంటుంది. ఇబ్బంది చివర్లో వస్తుంది. రాత్రిళ్లు నిద్ర లేక పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి ఎవరికీ ఇబ్బంది కాదు. కాబట్టి ఆ చట్టం దృష్టిలో అతను లేడు.

దీనివల్ల ఒక విషవలయం తయారైంది. ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా బాగా ముదిరాక వచ్చినవాళ్లే. ముదిరాక రావడం వల్ల తగ్గేది తక్కువ, తిరిగి ఇంటికి వెళ్లేవాళ్లు తక్కువ. బయట నుంచి చూసే జనానికి ఏం అర్థమైంది? అక్కడికి వెళ్తే ఇక రారు అని. అందుకని మిగతావాళ్లు ఇంకా ఆలస్యం చేశారు. ఇంకా ముదిరాక తీసుకెళ్లారు. ఈ చక్రం అలా తిరుగుతూనే ఉంది. మన తాతల కాలంలో ఆ ఆసుపత్రి అంటే ఉన్న భయం మూఢనమ్మకం ఏమీ కాదండీ. వాళ్లు కళ్లతో చూసిందే నమ్మారు.

ఆ కాలంలో ఆసుపత్రులు ఎలా ఉండేవో ప్రభుత్వ నివేదికే ఉంది. స్వాతంత్ర్యానికి ముందు దేశంలో వైద్యం ఎలా ఉందో చూడమని జోసెఫ్ భోర్ నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. 1946లో నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు సుమారు 10 వేలు. జనాభా సుమారు 40 కోట్లు. లెక్క వేసుకోండి, 40 వేల మందికి ఒక పడక. ఇంగ్లండులో అప్పటికి 300 మందికి ఒకటి ఉండేది. ఆ కమిటీ కోసం ఆసుపత్రులన్నీ తిరిగి చూసిన కల్నల్ మూర్ టేలర్ రాంచీ మానసిక ఆసుపత్రి సూపరింటెండెంటు. సిబ్బంది ఘోరంగా తక్కువ ఉన్నారనీ, చాలా చోట్ల జరుగుతున్నది వైద్యం కంటే నిర్బంధమేననీ ఆయన తేల్చాడు.

మరి ఈ చక్రం ఎక్కడ తెగడం మొదలైంది? పెద్ద భవనంలో కాదు, ఒక చిన్న ఓపీ గదిలో. 1933లో కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో గిరీంద్రశేఖర్ బోస్ మానసిక సమస్యలకి ఓపీ పెట్టారు. ఇప్పుడు మనం ఆర్.జి.కర్ మెడికల్ కాలేజీ అంటున్నది అదే. సాధారణ ఆసుపత్రిలో ఇలాంటి విభాగం మన దేశంలో అదే మొదటిది. ఇందులో అంత గొప్ప ఏముంది అనుకోవచ్చు. ఉంది. మేజిస్ట్రేటు లేడు, పోలీసు లేడు, గేటుకి తాళం లేదు. దగ్గు ఉన్నవాడూ, కాలు విరిగినవాడూ వెళ్లే గేటులోంచే దిగులుతో ఉన్నవాడు కూడా లోపలికి వెళ్లాడు. చూపించుకున్నాడు, ఇంటికి వచ్చేశాడు. "వెయ్యడం" అనే మాట పక్కన "వెళ్లడం" అనే మాట చేరింది అక్కడే. 1938లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలోనూ ఇలాంటి ఓపీ వచ్చింది.

రెండో మార్పు మందులు. ఇందులో మన దేశానికి కూడా వాటా ఉంది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు సర్పగంధ వేరు రక్తపోటుకీ, ఉన్మాదానికీ పనిచేస్తోందని ఒక పత్రం ప్రచురించారు. తరతరాలుగా వాడుతున్న వేరే అది. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసెర్పిన్ అనే పదార్థం వేరు చేశారు. అదే 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందుని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. భ్రమలు, కేకలు, ఉద్రేకం తగ్గాయి. ఆ దశాబ్దం చివరికి డిప్రెషన్‌కి ఇమిప్రమిన్ వచ్చింది. అంతకు ముందే, 1949లో, ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం గురించి రాశాడు. అంటే పదేళ్ల లోపల, గొలుసు తప్ప దారి లేదనుకున్న జబ్బులకి మాత్ర వచ్చింది. మాత్ర అంటే ఇంట్లో ఉండి వేసుకోవచ్చు.

మూడో మార్పు నాకు అన్నిటికంటే నచ్చేది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో విద్యాసాగర్ అనే డాక్టరు ఉండేవారు. చోటు లేదు, సిబ్బంది లేరు, రోగులు కిక్కిరిసి ఉన్నారు. ఆయన ఏం చేశారంటే, ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను వచ్చి ఉండమన్నారు. అమ్మ, అన్న, భార్య, ఎవరైతే వాళ్లు. వాళ్లే వండి పెట్టారు, వాళ్లే మందు ఇచ్చారు, రోగి మెల్లగా తేరుకోవడం కళ్లారా చూశారు. దాంతో రోగులు త్వరగా ఇంటికి వెళ్లగలిగారు. ఇంకో ఫలితం కూడా వచ్చింది. ఆ కుటుంబాలు ఊరికి తిరిగి వెళ్లి చెప్పాయి, ఇది తగ్గే జబ్బే అని. ప్రభుత్వ పోస్టరు వల్ల కాని పని పక్కింటావిడ మాటతో అవుతుంది కదా.

తర్వాత ప్రభుత్వమే ఆసుపత్రిని జనం దగ్గరికి తీసుకెళ్లే ప్రయత్నం చేసింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1985 నుంచి బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. మన అనంతపురానికి ఆనుకున్న జిల్లా, తెలుగు మాట్లాడేవాళ్లు బాగా ఉన్న జిల్లా. అక్కడ పీహెచ్‌సీ డాక్టర్లకీ, ఆరోగ్య కార్యకర్తలకీ మానసిక జబ్బుల గుర్తులు నేర్పించి, మామూలు మందులు అక్కడే ఇప్పించారు. అది పనిచేయడంతో 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. ఆ నాలుగింటిలో ఒకటి మన మెదక్.

ఇన్ని మంచి మార్పులు వచ్చినా ఒక చేదు నిజం చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. 28 మంది చనిపోయారు. వాళ్లు పారిపోలేకపోయారు, ఎందుకంటే గొలుసులతో కట్టేసి ఉన్నారు. వాళ్లను అక్కడ వదిలిన కుటుంబాలు అందరూ చెడ్డవాళ్లని నేను అనను. దగ్గర్లో డాక్టరు ఎక్కడున్నాడో తెలియక, తెలిసినా నమ్మకం లేక, అన్ని దారులూ మూసుకుపోయాక వచ్చినవాళ్లు అందులో ఎందరో. ఆలస్యానికి ఎంత ధర చెల్లించాల్సి వస్తుందో ఏర్వాడి చెప్తుంది.

చట్టం కూడా ఒక చోట మనుషులను డాక్టరుకి దూరం చేసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఉండేది. ఆత్మహత్యకి ప్రయత్నించి బతికితే అది నేరం, ఏడాది వరకు జైలు. దీని ఫలితం ఆలోచించండి. ఒక మనిషి ఇక బతకలేను అనుకునేంత బాధలో ఉన్నాడు, అదృష్టవశాత్తూ బతికాడు. ఇంట్లోవాళ్లు మొదట చేసే పని ఏంటి? విషయం దాచడం. పొరపాటున జరిగింది అని చెప్పడం. మన పేపర్లలో "కడుపునొప్పి భరించలేక" అనే మాట ఎన్నిసార్లు చదివుంటాం. ఆ మాట వెనుక నిజంగా కడుపునొప్పే ఉన్న సందర్భాలు ఉండవచ్చు. పేరు పెట్టలేని మనసు నొప్పి ఉన్న సందర్భాలు కూడా ఉంటాయి. కేసు భయంతో కారణం దాస్తే, సైకియాట్రిస్టు దాకా ఆ మనిషి వెళ్లడు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని మార్చింది. 2018 నుంచి అది అమల్లో ఉంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది అంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షనే లేదు. అదే 2017 చట్టం గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. తనంతట తాను వచ్చి చేరడాన్ని మామూలు పద్ధతిగా చేసింది. శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ ఇన్సూరెన్సు ఇవ్వాలంది. 1912లో ఇద్దరు విజిటర్లు ఒప్పుకుంటే తప్ప లోపలికి రాలేని మనిషికి, ఈ రోజు అది హక్కు.

చట్టం మారింది. మందులు మారాయి. మనలో మాత్రం 1912 ఇంకా ఉంది. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో వందకి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. డాక్టర్లు తక్కువ, ఖర్చు, దూరం, ఇవన్నీ కారణాలే. కానీ వాటితో పాటు "నాకంత పిచ్చేం పట్టలేదు" అనే మాట కూడా ఒక కారణం. ఆ మాట మనది కాదు. ఆ పాత మేజిస్ట్రేటుది.

సరే, అయితే ఎప్పుడు వెళ్లాలి? ఇప్పుడు డాక్టర్లు వాడే కొలతకి కూడా ఒక చరిత్ర ఉంది. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం జబ్బుల నిర్ధారణ పుస్తకాన్ని మూడోసారి రాసినప్పుడు, డిప్రెషన్ అనడానికి కనీసం రెండు వారాలు లక్షణాలు ఉండాలని గీత గీశారు. ఇప్పటికీ అదే గీత. అది రక్తపరీక్షలో వచ్చే అంకె కాదు, డాక్టర్లు కూర్చుని ఒప్పుకున్న అంకె. కానీ మామూలు దిగులునీ, జబ్బునీ విడదీయడానికి అది మనకి పనికొస్తుంది. ఒకటి, ఎన్నాళ్ల నుంచి? రెండు, రోజువారీ బతుకు ఎంత దెబ్బతింది? ఈ రెండు ప్రశ్నలు చాలు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, లేదా ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే. నిద్ర, ఆకలి తారుమారైతే. ఆఫీసుకీ, కాలేజీకీ, పొలానికీ వెళ్లలేకపోతే. ఆందోళన వల్ల బస్సెక్కడం, నలుగురిలోకి వెళ్లడం మానేస్తే. నిద్ర కోసం మందు తాగడం అలవాటైతే. అప్పుడు వెళ్లాలి. నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి బెరుకుగా ఉంటే, మీ మామూలు డాక్టరు దగ్గర మొదలుపెట్టినా మంచిదే. థైరాయిడ్ లాంటి శరీర కారణాలు కూడా ఆయన చూస్తారు.

కొన్నిటికి రెండు వారాలు ఆగకూడదు. ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, అందరూ నా మీద కుట్ర చేస్తున్నారనే గట్టి అనుమానం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపు లేని విపరీతమైన హుషారు, కాన్పు అయిన కొన్ని రోజులకే తల్లి ప్రవర్తన మారిపోవడం. వీటికి వెంటనే వెళ్లాలి. భ్రమలు మొదలైన తొలి దశలోనే వైద్యం అందించాలని మెల్‌బోర్న్‌లో 1992లో యువత కోసం ప్రత్యేక కేంద్రమే పెట్టారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా కోలుకుంటారు అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అది షుగరు పడిపోవడమో, ఇన్ఫెక్షనో కావచ్చు, ముందు మామూలు ఆసుపత్రికే పరుగెత్తండి.

చనిపోవాలనే ఆలోచన వస్తుంటే అది రేపటి పని కాదు, ఈ రోజు పని. ఎవరితోనైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఆసుపత్రికి వెళ్లండి. 14416 నంబరుకి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లు ఎవరైనా అలాంటి మాట అంటే "అలా అనకు" అని నోరు మూయించకండి. "ఎప్పటి నుంచి అనిపిస్తోంది?" అని అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు, చెప్పుకునే చోటు దొరుకుతుంది.

వెళ్లాక ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే భయం సగం అక్కడే ఉంది. చాలామందిని ఆసుపత్రిలో చేర్చుకోరు. కూర్చోబెట్టి మాట్లాడతారు. కొందరికి మాటలతో చికిత్స సరిపోతుంది, కొందరికి మందు కావాలి, కొందరికి రెండూ. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే తగ్గలేదని మానేయకండి, తగ్గిందని కూడా డాక్టరుని అడగకుండా మానేయకండి.

ఈసారి ఇంట్లోనో, స్నేహితుల మధ్యో "వీణ్ణి ఎర్రగడ్డలో వెయ్యాలి" అనే మాట వినిపిస్తే, నవ్వుతూనే ఒక మాట మార్చి చెప్పండి. వెయ్యడం కాదు, వెళ్లడం. అవసరమైతే మనమూ వెళ్తాం అనండి. ఆ గదిలో ఎవరో ఒకరు చాలా రోజులుగా ఆ మాట వినడానికి ఎదురు చూస్తూ ఉండవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.